మూడు చక్రాల బండి: తోసే ముందు ఎత్తి చూడండి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పసిపిల్లల బండి కొనేది ఒకరు, తోసేది మరొకరు. కొనేవాడు సాధారణంగా మేనమామ. తొట్టెల ఫంక్షన్‌కు ఉత్త చేతులతో పోతే బాగుండదని ఫోన్‌లో నాలుగు బొమ్మలు చూసి, చక్రాలు పెద్దగా, ఠీవిగా కనిపించినదానికి ఆర్డర్ పెడతాడు. లేదంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చిన చిన్నాయన, తమ పిల్లవాడు ఎదిగిపోయాడని తెచ్చిన బండిని ఇక్కడే వదిలి విమానమెక్కుతాడు. తోసేది తల్లి. ఆమె పనికి పోతే, మోకాళ్లు సహకరించని నాయనమ్మ. ఈ ఇద్దరినీ అడిగి కొన్న బండి నాకైతే పెద్దగా కనబడలేదు. సజ్జల మీద పాత సూట్‌కేసుల పక్కన, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పని బండ్లు ఎందుకు పేరుకుంటున్నాయో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు మోజంతా మూడు చక్రాల మీద ఉంది. బజారుకు పోయి పిల్లలకు మూడు చక్రాల బండి కావాలని అడిగితే ఒక్కో దుకాణంలో ఒక్కో సరుకు చూపిస్తారు. ఒకచోట ముందు ఒకటి, వెనక రెండు పెద్ద చక్రాలున్న స్ట్రోలర్. ఇంకోచోట పొడవాటి కడ్డీ పట్టుకుని పెద్దవాళ్లు తోసే ట్రైసైకిల్. జాతరలోనో, వడ్లాయన ఇంటి ముందో అడిగితే నడక నేర్చే పిల్లలు తామే తోసుకుపోయే కర్ర బండి, మన మూడు గీరల బండి. మూడింటి పని వేరు, వయసు వేరు, ధర వేరు. ఒకటి చేసే పనిని ఇంకోదాని నుంచి ఆశించడంతోనే డబ్బు దండగవుతున్నది.

స్ట్రోలర్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎక్కువ డబ్బు పోయేది దానికే కాబట్టి.

తోసే బండ్ల చరిత్ర చూస్తే చాలా కాలం అది దొరల వేడుక. 1733లో ఇంగ్లండ్‌లో విలియం కెంట్ అనే ఉద్యానవన శిల్పి డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం చేసిన బండి మనుషులు తోసేది కూడా కాదు, చిన్న జంతువును కట్టి లాగించేది. మామూలు ఇళ్లకు పనికొచ్చే మార్పు 1965లో వచ్చింది. ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కింది చక్రాల చట్రం రూపొందించడంలో పనిచేసినవాడు. కూతురు మనవరాలిని వెంటబెట్టుకుని విమానాల్లో తిరుగుతూ బరువు బండితో పడే తిప్పలు చూశాడు. అల్యూమినియం గొట్టాలతో, ఒంటిచేత్తో మడిచే బండి చేశాడు. దాని బరువు మూడు కిలోల లోపే. రెండో మలుపు 1984 నాటిది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, యాకిమా అనే ఊళ్లో ఫిల్ బెక్లర్ అనే పత్రికా ఉద్యోగికి పరుగు అలవాటు. కొడుకును కూడా వెంట తీసుకుపోవాలని స్ట్రోలర్‌కు సైకిల్ చక్రాలు బిగించాడు. ఇప్పటి మూడు చక్రాల జాగింగ్ బండ్లన్నీ ఆ బండి సంతానమే.

ఒకరు తాత, ఒకరు తండ్రి, ఇద్దరూ పిల్లల మీద ప్రేమతోనే చేశారు. కానీ మెక్లారెన్ చూసింది బండిని మోసే చేతిని, బెక్లర్ చూసింది బండి దొర్లే దారిని. మూడు చక్రాల బండి రెండో కోవకు చెందింది. మన దగ్గర అమ్మకందారులు చెప్పేదంతా దొర్లడం గురించే: పెద్ద చక్రాలు, మెత్తటి సస్పెన్షన్, ఎలాంటి రోడ్డయినా సరే. నల్లగొండ తల్లికి రోజూ ఎదురయ్యేది మాత్రం ఎత్తడం. ఇంటి గడప, అపార్ట్‌మెంటు మెట్లు, ఆటో, బస్సు. ఈ తేడా అర్థమైతే కొనుగోలు సగం తేలిపోయినట్టే.

దొర్లే విషయంలో మూడు చక్రాల వాదన నిజానికి బలమైనదే. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంది, ముక్కాలిపీట ఊగదు. మూడు చక్రాలు ఎప్పుడూ నేలను తాకే ఉంటాయి. వెనక చక్రాలు పన్నెండు అంగుళాలవైతే, చిన్న చక్రాల బండి కూరుకుపోయే గుంతను ఇది దాటేస్తుంది. మన ఊళ్లకు సీసీ రోడ్లు వచ్చాయి గానీ, సీసీ రోడ్డు నడుమ ఎంత నునుపో అంచున అంత అన్యాయం. ఇంటింటికీ ర్యాంపు రోడ్డు మీదికి పొడుచుకొస్తుంది. పక్కనే మూత లేని మోరీ. నల్లా పైపు కోసం కోసి, పూడ్చీ పూడ్చనట్టు వదిలిన గాడి. దేవరకొండ, చందంపేట వైపు తండాలకు పోయే దారుల్లోనైతే మొరం తేలి ఉంటుంది. నాలుగు చిన్న ప్లాస్టిక్ చక్రాల బండి ఇలాంటి చోట అడుగడుగునా ఆగి, పిల్లవాణ్ణి ముందుకు ఊపేస్తుంది.

అయితే ఆ ముక్కోణం ఒక పక్కన మేలు చేసి ఇంకో పక్కన కీడు చేస్తుంది. ముందు భాగాన బరువు ఒక మూలకు జరిగితే ఆనుకునేందుకు అక్కడ చక్రం లేదు. రోడ్డు మోరీ వైపు వాలి ఉన్నచోట, బొమ్మ అందుకోవడానికి పిల్లవాడు ముందుకూ పక్కకూ ఒకేసారి వంగితే బండి ఆ వైపే పడుతుంది. వెనక ఇరుసు వెడల్పుగా ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది, కానీ వెడల్పైన బండి మన సందుల్లో, తలుపుల్లో పట్టదు. పిడికి కూరగాయల సంచి తగిలించడమైతే ఏ బండికైనా చేటే. పిల్లను ఎత్తుకోగానే బండి వెనక్కి తిరగబడుతుంది, టమాటాలు రోడ్డు పాలు.

ముందు చక్రం అన్ని వైపులా తిరిగేదైతే సందుల్లో సుఖం. వేగం పెరిగితే మాత్రం అది గడగడా వణుకుతుంది, అందుకే పరుగుకు లాక్ వేయాలి. ఎప్పుడూ నేరుగానే ఉండే రకమైతే ప్రతి మలుపులో పిడిని కిందికి నొక్కి, ముందు చక్రాన్ని లేపి తిప్పాలి. మూడు చక్రాల జాగింగ్ బండి ఒక్కటే పది నుంచి పదమూడు కిలోలుంటుంది. ఏడాది పిల్ల మరో తొమ్మిది కిలోలు. నీళ్ల సీసా, డైపర్ల సంచి అదనం. ప్రతి మలుపులో ఇంత బరువును నొక్కి తిప్పడం నాయనమ్మ వల్ల కాదు.

ఇక టైర్లు. మెట్ట జిల్లాల్లో గాలి టైరుకు శత్రువులు ఇద్దరు: పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు. పొలం గట్టు మీదే కాదు, ఖాళీ ప్లాట్ల పక్కన, స్కూలు మైదానంలో, చెరువు కట్ట మీద కూడా ఉంటాయి. నల్లగొండలో ఒక పంక్చర్ షాపులో ఇలాంటి చక్రం విప్పుతుంటే నిలబడి చూశాను. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచగానే ఒకే వరసలో మూడు చోట్ల బుడగలు. టైరు లోపల వేలు పెట్టి తడిమితే పల్లేరుకాయ ముక్క ఇంకా గుచ్చుకునే ఉంది. మెకానిక్ టైరు పక్కన అచ్చైన అంకెలు తుడిచి చదివాడు: 12½ × 2¼.

"అన్నా, టైరు చిన్నపిల్లల సైకిల్‌దే, దొరుకుతది. వాల్వు మాత్రం మోటర్ సైకిల్ తీరు ఉన్నది. మామూలు సైకిల్ పంపు ఎక్కది. కంప్రెసర్ కాడ కొట్టియ్యాలె. గానీ జర సూస్కొని కొట్టియ్యి, లారీలకు కొట్టినట్టు కొడితే పేలుతది."

ఏ కొనుగోలు సలహాలోనూ దొరకని మాట ఇది. టైరు మీద ఉండాల్సిన గాలి ఒత్తిడి అంకె అచ్చువేసి ఉంటుంది, అంతకు మించనివ్వకండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు టైరు కొలత రాసి ఉందో లేదో చూడండి. మామూలు సైకిల్ కొలత అయితే జిల్లా కేంద్రంలోనే మార్చుకోవచ్చు, వింత కొలత అయితే ఒక్క పంక్చర్‌తో బండి మూలకు చేరుతుంది. గాలి అక్కర్లేని ఫోమ్ టైర్లు కూడా వస్తున్నాయి. కుదుపు కొంచెం ఎక్కువే, కానీ పల్లేరుకాయ వాటినేమీ చేయదు. మన నేలకు నా ఓటు ఫోమ్‌కే.

ఇప్పటిదాకా దొర్లడం. ఇక ఎత్తడం.

మహబూబ్‌నగర్ బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఆగినప్పుడు చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. తల్లులు పిల్లలతో పుట్టింటికీ, ఆస్పత్రికీ, అంగడికీ ఎక్కువగా తిరుగుతున్నారు, మంచిదే. కానీ ఆ రద్దీలో పన్నెండు కిలోల బండి మడిచి, ఒక సంకలో పిల్ల, ఒక చేతిలో బండి, భుజానికి సంచితో మొదటి మెట్టు ఎక్కడం ఎవరి తరం? "అమ్మా, జల్ది ఎక్కు, బండి అడ్డం పెట్టకు" అని కండక్టర్ అనడంలో తప్పేమీ లేదు, లోపల పెట్టే చోటే లేదు. షేర్ ఆటోలో పరిస్థితి ఇంకా అన్యాయం. మూడు చక్రాల బండి మడిచినా పెద్దగానే ఉంటుంది. చాలావాటికి ముందు చక్రం ఊడదీస్తేనే కారు డిక్కీలో పడుతుంది.

మామూలు కుటుంబం అసలు తిరిగేది మోటర్ సైకిల్ మీద. కేంద్రం 2022 ఫిబ్రవరిలో తెచ్చిన నిబంధన ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లలను మోటర్ సైకిల్ మీద తీసుకుపోతే నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. జాతీయ రహదారి 65 మీద నకిరేకల్ దగ్గరా, 44 మీద జడ్చర్ల దగ్గరా నిలబడి చూస్తే ఈ బెల్టు కట్టిన పిల్లలు అరుదుగా కనిపిస్తారు. స్ట్రోలర్ ధరలో చిన్న భాగం పెడితే ఆ బెల్టు, బుజ్జి హెల్మెట్ వస్తాయి. మేనమామ నన్ను సలహా అడిగితే ముందు అవే కొనమంటాను. బహుమతిగా ఠీవిగా కనిపించవు, అదొక్కటే వాటి లోటు.

2017 జూన్‌లో ప్రభుత్వం బాలింతల కోసం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, బొమ్మలు ఉండేవి, బండి లేదు. రాజకీయాలు ఎలా ఉన్నా, ఆ పెట్టె సర్దినవాళ్లెవరో ఇక్కడి ఇల్లు తెలిసినవాళ్లే అనిపిస్తుంది.

మరి మూడు చక్రాల స్ట్రోలర్ ఎవరికీ వద్దా? కావలసినవాళ్లు ఉన్నారు. ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచే దంపతులకు, పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికి సాయంత్రం కారులో పోయేవాళ్లకు, పాలమూరులో మినీ ట్యాంక్‌బండ్ దగ్గర ఇల్లున్నవాళ్లకు ఇది నిజంగా సుఖం. ఇంటి గేటు నుంచి నడిచే చోటికి ఎత్తాల్సిన అవసరం లేకపోతేనో, ఎత్తి పెట్టేందుకు కారు ఉంటేనో మూడు చక్రాలకు సాటి లేదు. కవలలున్న ఇంట్లో, నడుము నొప్పితో పిల్లను సంకనేసుకోలేని తల్లికి బండి విలాసం కాదు. ఇంకో వాస్తవం కూడా ఒప్పుకోవాలి. మన ఇళ్లలో చాలా స్ట్రోలర్లు గేటు దాటవు. వరండాలో నిలబెట్టి, పిల్లను కూర్చోబెట్టి, కాకిని చూపిస్తూ అన్నం పెట్టడానికే వాడతారు. అందులో తప్పు లేదు. ఆ పనికి నాలుగు చక్రాల తేలికపాటి బండి చాలు, పరుగు పందెం బండి అక్కర్లేదు.

పుట్టిన పిల్లకు ఏ రకమైనా వీపు పూర్తిగా నేలబారుగా వాలే సీటే కావాలి. మెడ నిలిచి, ఆసరాతో కూర్చోగలిగే ఆరో నెల దాకా కూర్చోబెట్టే బండి పనికిరాదు. బండి తోస్తూ పరుగెత్తడం ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టాలి, ఆరు నుంచి ఎనిమిది నెలలు దాటాకే అంటారు పిల్లల వైద్యులు. కుదుపుకు మెడ తట్టుకోవాలి కదా. బెల్టు భుజాల మీదుగా, నడుము మీదుగా, కాళ్ల మధ్య నుంచి ఐదు చోట్ల పట్టేది ఉండాలి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు నుంచి పిల్లలు జారిపోతారు. మన్యంకొండ లాంటి వాలు దారుల్లో తోసేవాళ్లకు బండిని మణికట్టుకు కలిపే తాడు కూడా ఉండాలి.

మడత కీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. 2009 నవంబర్‌లో అమెరికాలో దాదాపు పది లక్షల మెక్లారెన్ బండ్లను వెనక్కి పిలిచారు. మడిచే, విప్పే సమయంలో కీళ్ల సందులో పిల్లల వేళ్లు పడి కొనలు తెగిన ఫిర్యాదులు పన్నెండు వచ్చాయి. కంపెనీ ఆ కీళ్లకు తొడుగులు పంపింది. ఎత్తడానికి తేలికైన బండికి కూడా ఇలాంటి చిక్కు ఉందన్నమాట. ఏ బండైనా పిల్లను దూరంగా కూర్చోబెట్టాకే విప్పాలి, మడవాలి.

ఎండ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నల్లగొండలో మే నెల 44, 45 డిగ్రీలు కొత్త కాదు. స్ట్రోలర్ నల్లబట్ట సీటు ఎండలో ఐదు నిమిషాలుంటే చెయ్యి పెట్టలేం. అందుకని తల్లులు పైన చున్నీయో టవలో కప్పుతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన పరీక్షల్లో, పొడి బట్ట కప్పిన స్ట్రోలర్ లోపల వేడి బయటికంటే దాదాపు నాలుగు డిగ్రీలు పెరిగింది. తడిపిన పల్చటి నూలుబట్ట కప్పి చిన్న ఫ్యాన్ పెడితే బయటికంటే దాదాపు ఐదు డిగ్రీలు తగ్గింది. మన ఇళ్లలో కూలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. గాలిలో తేమ తక్కువగా ఉండే మన మెట్ట వేసవిలో ఇది బాగానే పనిచేస్తుంది, వానలు పడి ఉక్కపోత మొదలయ్యాక అంతగా చేయదు. బట్ట ఆరిపోయిందా లేదా అని మధ్యమధ్య చూస్తూ మళ్లీ తడపాలి. అసలు పదకొండు నుంచి నాలుగింటి దాకా పసిపిల్లను బయటికి తీయకపోవడమే మేలు, అది వేరే మాట.

దుమ్ము, పొగల సంగతి పిల్ల కూర్చునే ఎత్తుతో ముడిపడి ఉంది. స్ట్రోలర్‌లో పిల్ల ముక్కు మోటర్ సైకిల్ సైలెన్సర్ ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం 2018లో చేసిన సమీక్ష ప్రకారం, బండిలో కూర్చున్న పిల్లలు పెద్దవాళ్లకంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యం పీల్చే వీలుంది. సంకన ఉన్న పిల్ల తల్లి ముఖం ఎత్తులోనే ఊపిరి పీలుస్తుంది. "సంక లేదా, బండెందుకే బిడ్డా" అని అత్తమ్మ దీర్ఘం తీస్తే కొట్టిపారేయకండి. తొడలు రెండు పక్కలకు విడివడి ఉండేలా ఎత్తుకోవడం తుంటి కీలు సరిగా ఎదగడానికి మంచిదని ఎముకల వైద్యులూ చెబుతారు. ఎటొచ్చీ ఆ మాట అనే అత్తమ్మ రోజులో కాసేపు తన సంకన కూడా వేసుకోవాలి.

ఈ జిల్లాల మాట వచ్చినప్పుడు వలసను పక్కన పెట్టలేం. నాగార్జునసాగర్ కట్టిన నాటి నుంచి నేటి మెట్రో నగరాల దాకా పాలమూరు లేబర్ లేని పెద్ద నిర్మాణాలు తక్కువ. ఆ తల్లుల పిల్లలు ఇనుప సలాకల మధ్య చీర ఉయ్యాలలో పెరిగారు. యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఏ బండి మంచిదన్న ప్రశ్న వాళ్ల గుమ్మం దాకా రాలేదు. వాళ్లకు కావలసింది ఆ గది, అందులో ఒక ఆయమ్మ.

ఇక రెండో రకం, కడ్డీతో తోసే ట్రైసైకిల్‌కు ఎక్కువ మాటలు అక్కర్లేదు. అది ఆటవస్తువు, ఏడాది దాటి స్థిరంగా కూర్చునే పిల్లకు, పెరట్లో, మిద్దె మీద. వీపుకు సరైన ఆనిక ఉండదు, నిద్రపోతే తల వేలాడుతుంది. పిల్లల కాళ్లు తిరిగే పెడల్ మీద ఉండగా పెద్దవాళ్లు వేగంగా తోస్తే మడమలు చక్రంలో పడతాయి. తోసేటప్పుడు పెడల్ ఆగి ఉండేలా, కాళ్లు పెట్టుకునే చోటు విడిగా ఉండేలా చూసి కొనండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది లేని ప్లాస్టిక్ ట్రైసైకిల్ సగం ధరకు వచ్చినా వద్దు.

చివరిది, నాకు ఎక్కువ ఇష్టమైనది, మూడు గీరల బండి. కింద ముక్కోణం చట్రం, ముందు ఒక గీర, వెనక రెండు, నిలువు కర్రల మీద అడ్డంగా ఒక పిడి. పిల్లవాడు లేచి ఆ పిడి పట్టుకుని అడుగు వేస్తే బండి ముందుకు పోతుంది. కొనాలని పోనక్కర్లేదు. దర్వాజ చేయగా మిగిలిన టేకు ముక్కలతోనో, వేప చెక్కతోనో వడ్లాయన ఒక పూటలో చేస్తాడు. పిడి పిల్లవాడి ఛాతీ ఎత్తున ఉండాలి. ఇరుసుకు ఒక చుక్క ఆముదం వేస్తే కిర్రుమనడం ఆగుతుంది. ఆముదం పంటకు ఒకప్పుడు పేరున్న ఈ రెండు జిల్లాల్లో దానికి కరువు లేదు.

అయితే ఈ బండి మట్టి నేలకు పుట్టింది. పేడతో అలికిన నేల గీరను కొంచెం పట్టి ఉంచేది, పిల్లవాడి అడుగుకు తగ్గ వేగంతోనే బండి కదిలేది. ఇప్పుడు ఇళ్లలో తాండూరు బండలు, టైల్స్. అదే బండి వాటి మీద రివ్వున జారిపోతుంది, పిల్లవాడు బోర్లా పడతాడు. దానికి మందు పాత సైకిల్ ట్యూబు. గీర వెడల్పుకు పట్టీలా కోసి, చుట్టూ బిగించి, పక్కల నుంచి చిన్న మేకులు కొడితే నేలను పట్టుకుంటుంది. మేకు తలలు బయటికి రాకుండా లోపలికి దిగాలి, చేత్తో తడిమి చూడండి. ముందు గీర పైన చట్రానికి చిన్న ఇటుక కట్టేవాళ్లూ ఉన్నారు, వేగం తగ్గుతుంది. ఇంకో పరీక్ష తప్పకుండా చేయాలి. పిడి మీద అరచేయి పెట్టి కిందికి గట్టిగా నొక్కండి. ముందు గీర లేచిందంటే, కూర్చున్న పిల్లవాడు పిడి పట్టుకుని లేవబోయినప్పుడు ఆ బండి అతని మీదికే వస్తుంది. వెనక గీరలు పిడికంటే ఇంకా వెనక్కి ఉండేలా చట్రం సాగదీసి చేయమని వడ్లాయనకు చెప్పండి.

రంగు వేయించకపోతేనే మంచిది. పళ్లు వచ్చే పిల్లలు ఆ పిడినే కొరుకుతారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది గానీ, షెడ్డు మూలన ఉన్న పాత డబ్బాలో ఏముందో ఎవరు చూశారు? గరుకు కాగితంతో నున్నగా రుద్దించి వదిలేయండి.

దీన్ని గుండ్రటి ప్లాస్టిక్ వాకర్‌తో కలపకండి. అందులో పిల్లవాణ్ణి మధ్యలో వేలాడదీస్తారు, మునివేళ్లతో నేలను తన్నుకుంటూ గది ఈ చివర నుంచి ఆ చివరకు క్షణంలో పోతాడు. అమెరికాలో 1990 నుంచి 2014 దాకా ఈ వాకర్ల వల్ల 2 లక్షల 30 వేల మందికి పైగా పసిపిల్లలు ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు చేరారు. ఎక్కువమంది మెట్ల మీద నుంచి పడినవాళ్లే. కెనడా 2004లోనే వాటిని పూర్తిగా నిషేధించింది. మన బజార్లలో ఇప్పటికీ రంగురంగులుగా వేలాడుతున్నాయి. దాంతో నడక తొందరగా వస్తుందన్న నమ్మకానికీ ఆధారం లేదు. కర్ర బండి పిల్లవాణ్ణి మోయదు. తన కాళ్ల మీద తాను నిలబడితేనే అది కదులుతుంది. మెట్లున్న ఇంట్లో మాత్రం దీనికీ పెద్దవాళ్ల కన్ను ఉండాల్సిందే.

నడక ఎప్పుడు రావాలన్న ఆందోళన బండ్ల కొనుగోలును చాలా నడిపిస్తుంది. పక్కింటి పిల్ల పది నెలలకే నడిచిందట, మనవాడు ఏడాదైనా నడవడం లేదు, వాకర్ కొందాం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. ఏడాదిన్నర దాటినా అడుగు పడకపోతే కొనాల్సింది బండి కాదు, చూపించాల్సింది పిల్లల డాక్టరుకు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో ఇంకొంచెం ముందే మేలుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు తిరిగిన తరాలు ఆ ఊళ్లలో ఉన్నాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద బతుకంతా గడిపినవాళ్లు అక్కడివాళ్లకు పరాయివాళ్లు కారు. మిషన్ భగీరథ నల్లా వచ్చాక పరిస్థితి మారింది. అయినా పాత బోరు నీళ్లు పసివాళ్ల పాల సీసాలోకి రాకుండా చూసుకోవడం ఏ బండికన్నా ముఖ్యం.

మళ్లీ స్ట్రోలర్ దగ్గరికే వద్దాం. అది అక్కరకొచ్చేది ఏడాది, ఏడాదిన్నర. కాళ్లొచ్చిన పిల్ల అందులో కూర్చోదు, తానే తోస్తానంటుంది. అందుకని వాడిన బండి కొనడం నామోషీ కాదు. సగం ధరకు వస్తాయి, చాలావరకు సజ్జ మీద కూర్చుని ఎండ కూడా చూడనివే. కొనబోయే ముందు తోసేవాళ్లనే వెంట తీసుకుపోండి. ఐదు కిలోల బియ్యం సంచిని సంకన పెట్టుకుని, రెండో చేత్తో బండి మడిచి, ఒక మెట్టు ఎక్కించి చూడమనండి. అది చేతకాకపోతే మిగతా గుణాలు చూసే పని లేదు. చేతనైతే బ్రేకు వేసి వాలు మీద నిలబెట్టండి. కీళ్ల సందుల్లో వేలు పడుతుందా చూడండి. బెల్టు కొక్కెం లాగి వదలండి. ఊడదీసే ముందు చక్రమైతే దాని బిగింపు మీట విప్పి మళ్లీ బిగించి, చక్రాన్ని అటూ ఇటూ ఊపండి. అది కదిలితే ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.